పెయిడ్ లింకులు అమ్మితే అసలు అమ్ముడుపోయేది ఏంటి? జిల్లా సైట్లకి ఉన్న రిస్కు

క్లుప్తంగా

డబ్బు తీసుకుని సైట్‌లో లింకు పెట్టడం దానంతట అదే తప్పు కాదు, ఇంటర్నెట్‌లో ప్రకటనలన్నీ అలాంటివే. డబ్బుకి పెట్టిన లింకుని మామూలు లింకులా కనపడేట్టు పెట్టి గూగుల్ ర్యాంకు కోసం అమ్మడమే సమస్య. అలా అమ్మితే వచ్చేది ఒక్కసారి డబ్బు. పోగలిగేది సెర్చ్‌లో ఉన్న చోటు, యాడ్‌సెన్స్ (సైట్‌లో గూగుల్ వేసే ప్రకటనలు) ఆదాయం, చదివేవాళ్ళ నమ్మకం, ఆ లింకు బెట్టింగ్ సైటుకి వెళ్తే చట్టం వైపు నుంచి కూడా తలనొప్పి.

రేటు చెప్పమని వచ్చే మెయిలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సొంతంగా వెబ్‌సైటు నడిపేవాళ్ళు ఇప్పుడు బాగానే ఉన్నారు. జిల్లా వార్తలు రాసేవాళ్ళు, డీఎస్సీ, పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్లు పెట్టేవాళ్ళు, అరసవల్లి రథసప్తమికో విజయనగరం సిరిమానోత్సవానికో వచ్చేవాళ్ళ కోసం బస్సులు, వసతి వివరాలు రాసేవాళ్ళు, పలాస జీడిపప్పు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు, ఇలా. 2018లో గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగుకి వచ్చాక తెలుగులో రాసి కూడా ఎంతో కొంత సంపాదించొచ్చు అన్న ధైర్యం వచ్చింది. కానీ తెలుగు పేజీ మీద క్లిక్కుకి వచ్చేది ఇంగ్లీషు పేజీతో పోలిస్తే తక్కువే, హోస్టింగు, డొమైన్ రెన్యూవల్, రాసిపెట్టేవాళ్ళకి ఇచ్చేది తీసేస్తే చేతిలో మిగిలేది చెప్పుకునేంత ఉండదు. సరిగ్గా ఇలాంటి సైట్లకే ఆ మెయిల్ వస్తుంది.

మెయిల్ ఎవరు పంపినా సారాంశం ఒకటే: మీ సైటు చాలా బాగుంది, ఒక ఆర్టికల్ పంపుతాం, మధ్యలో ఒక లింకు ఉంటుంది, అది డూఫాలో (గూగుల్ ర్యాంకు లెక్కలోకి వచ్చే లింకు) అయి ఉండాలి, స్పాన్సర్డ్ అని ఎక్కడా రాయకూడదు, ఎప్పటికీ తీయకూడదు, రేటు చెప్పండి. కొందరైతే ఆర్టికల్ కూడా పంపరు, ఎప్పుడో రాసిన పాత పేజీలో ఫలానా పదానికి లింకు తగిలిస్తే చాలంటారు. నెలకి యాడ్స్ మీద వచ్చే డబ్బు రెండు మూడు లింకులకే వచ్చేస్తుంటే ఆశ పుట్టడంలో ఆశ్చర్యం ఏమీ లేదు, ఒప్పుకున్నవాళ్ళంతా మోసం చేద్దామని ఒప్పుకున్నవాళ్ళు కూడా కాదు, చాలామందికి అది యాడ్ లాంటిదే కదా అనిపిస్తుంది. అయితే ఆ మెయిల్లో ఉన్న షరతులు ఒక్కసారి నిదానంగా చదివితే, యాడ్ వేయించుకునేవాడు అడిగేవి కావు అవి. యాడ్ ఇచ్చేవాడికి జనం చూడాలి, క్లిక్ చేయాలి, ఫోన్ చేయాలి. ఇతనికి జనం చూసినా చూడకపోయినా పర్వాలేదు, గూగుల్ చూడాలి, చూసి అది డబ్బుకి పెట్టిందని తెలుసుకోకూడదు.

లింకుకి విలువ ఎలా వచ్చింది

1998లో స్టాన్‌ఫర్డ్‌లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ పెట్టిన పేజ్‌ర్యాంక్ ఆలోచన దగ్గర ఈ కథ మొదలవుతుంది. అంతకుముందు సెర్చ్ ఇంజన్లు ఎక్కువగా పేజీలో ఉన్న మాటల్ని బట్టే వెతికేవి, ఒకే మాటని వంద సార్లు రాసి పైకి వచ్చేసేవాళ్ళు. పేజ్‌ర్యాంక్ పద్ధతిలో పేజీ తన గురించి తాను ఏం చెప్పుకుంటుందో అన్నదానికంటే మిగతా పేజీలు దానికి ఎన్ని లింకులిచ్చాయి, ఆ ఇచ్చిన పేజీలకి ఎంత విలువుంది అన్నది ముఖ్యం. ఒక పేజీ తనకున్న విలువని తను ఇచ్చే లింకుల మధ్య పంచుతుంది, అంటే పది లింకులుంటే తలా కొంత. లెక్కలో 0.85 అని ఒక సంఖ్య ఉంటుంది, వెబ్‌లో ఊరికే లింకులు నొక్కుకుంటూ తిరిగే మనిషి 85 శాతం సార్లు ఎదురుగా ఉన్న లింకునే పట్టుకుని పోతాడు, మిగతా 15 శాతం ఎక్కడికో కొత్త పేజీకి దూకుతాడు అన్న ఊహ అది. ఇప్పటి గూగుల్ ఆ ఒక్క లెక్క మీదే నడవట్లేదు, వందల సంకేతాలున్నాయి, అయినా లింకు అనేది ఇంకా వాటిల్లో ఒకటి.

విలువ ఉన్నచోట బేరం మొదలవుతుంది. 2005 జనవరిలో గూగుల్, యాహూ, ఎమ్మెస్సెన్ కలిసి నోఫాలో అనే ట్యాగు తెచ్చాయి, ఈ లింకుని ర్యాంకు లెక్కలోకి తీసుకోవద్దని సెర్చ్ ఇంజన్‌కి చెప్పే గుర్తు అది, మొదట్లో అది కామెంట్లలో చెత్త లింకులు పెట్టేవాళ్ళని ఆపడానికి, తర్వాత డబ్బు లింకులకి కూడా అదే వాడమన్నారు. 2019 సెప్టెంబర్‌లో గూగుల్ ఇంకో రెండు ట్యాగులు చేర్చింది, డబ్బుకి పెట్టిన లింకుకి స్పాన్సర్డ్, కామెంట్లలాంటి యూజర్లు రాసిన చోట ఉండే లింకులకి యూజీసీ. ఇక్కడ చాలామందికి ఒక గందరగోళం ఉంది: డూఫాలో అనే ట్యాగు అసలు ఎక్కడా లేదు. ఏ ట్యాగూ పెట్టకపోతే దాన్నే బజార్లో డూఫాలో అంటున్నారు. అంటే కొనేవాడు డబ్బిస్తోంది ఏదో ఒకటి పెట్టినందుకు కాదు, పెట్టాల్సినది పెట్టకుండా ఉన్నందుకు.

గోడ రాత వేరు, షూరిటీ సంతకం వేరు

జీటీ రోడ్డు పక్కన ఇంటి గోడ మీద సిమెంటు కంపెనీ వాళ్ళు రంగు వేసి ప్రకటన రాసుకుంటారు. ఇంటాయనకి ఏదో కొంత ముడుతుంది. దారిన పోయేవాళ్ళెవరూ ఆ ఇంటాయన ఈ సిమెంటు మంచిదని చెప్తున్నాడనుకోరు, గోడ అద్దెకిచ్చాడని అందరికీ తెలుసు. స్పాన్సర్డ్ ట్యాగు పెట్టిన లింకు ఈ గోడ రాత లాంటిది, గూగుల్ నిబంధనల్లో కూడా దానికి అభ్యంతరం లేదు, ప్రకటనలకి లింకులు కొనడం అమ్మడం వెబ్‌లో మామూలే అని వాళ్ళే రాసుకున్నారు.

ట్యాగు లేకుండా అమ్మిన లింకు చీటీకి పెట్టే షూరిటీ సంతకం లాంటిది. చీటీ పాడుకుని డబ్బు తీసుకెళ్ళేది ఒకరు, కట్టకపోతే నోటీసు వచ్చేది సంతకం పెట్టినవాళ్ళకి. ఈ ఆఫీసులో పనిచేసే మనిషి, జీతం ఉంది, పేరుంది, ఈయన సంతకం పెట్టాడంటే పర్వాలేదు అన్న నమ్మకం మీదే ఆ పద్ధతి నడుస్తోంది. అలాంటి సంతకాన్ని ముక్కూ మొహం తెలియని మనిషికి రెండు వేలకి పెట్టమంటే ఎవరూ పెట్టరు. అదే పని సైటు విషయంలో సులువుగా జరిగిపోతోంది, ఎందుకంటే అక్కడ కాగితం కనపడదు, స్టాంపు కనపడదు, నీలం రంగులో ఒక పదం మాత్రమే కనపడుతుంది.

చిన్న సైట్లే ఎందుకు కావాలి

పెద్ద పత్రికల సైట్లలో లింకు కొనాలంటే ఖరీదు, పైగా అక్కడ ఎడిటర్లు, లీగల్ వాళ్ళు ఉంటారు. జిల్లా సైటుకి ఇవేవీ ఉండవు, కానీ వయసుంటుంది, ఐదారేళ్ళుగా నిజమైన వార్తలు రాసి ఉంటారు, 2018 తిత్లీ తుఫాను అప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పోయాయో రాసిన పేజీకి ఎక్కడెక్కడి నుంచో నిజమైన లింకులు వచ్చి ఉంటాయి. ఆ నమ్మకమే బ్రోకర్లకి, అంటే లింకులు బేరం పెట్టే మధ్యవర్తులకి, సరుకు.

వాళ్ళు సైటుని కొలిచేది డీఏ, డీఆర్ అనే అంకెలతో. డొమైన్ అథారిటీ అనేది మోజ్ అనే కంపెనీ లెక్క, డొమైన్ రేటింగ్ ఏహెచ్‌రెఫ్స్ అనే కంపెనీ లెక్క, రెండూ గూగుల్‌వి కావు, గూగుల్ వాటిని వాడదు కూడా. అయినా బజారంతా ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది, డీఆర్ 30 దాటితే ఒక రేటు, 50 దాటితే ఇంకో రేటు. మధ్యలో చేతులు మారుతుంది కాబట్టి సైటు నడిపేవాళ్ళకి అందేదానికీ చివర కొన్నవాడు కట్టేదానికీ మధ్య చాలా తేడా ఉండొచ్చు, చివర కొన్నవాడు ఎవరో సైటు వాళ్ళకి తెలియకపోవడం కూడా మామూలే.

పొందూరు ఖద్దరు మీద ఒక మంచి వ్యాసం ఉందనుకుందాం, వాలుగ చేప దవడతో పత్తిని దువ్వడం దగ్గర్నుంచి సన్న నూలు వడికే దాకా వివరంగా రాసింది. అందులో నూలు గురించిన వాక్యం మధ్యలో హఠాత్తుగా ఆన్‌లైన్ క్యాసినోకో, అప్పిచ్చే యాప్‌కో ఒక లింకు. ఖద్దరు గురించి చదవడానికి వచ్చిన మనిషికి అది అర్థం కాదు, అయినా నమ్మిన సైటు కాబట్టి నొక్కుతాడు. గూగుల్‌తో గొడవ సంగతి అలా ఉంచినా, ఈ ఒక్కటీ చాలు ఈ అమ్మకం ఎందుకు చెడ్డదో చెప్పడానికి.

ఎలా దొరుకుతుంది

ఇన్ని కోట్ల పేజీల్లో మన చిన్న సైటు ఎవడు చూస్తాడు అన్నది ఎక్కువమంది ధైర్యం. చూసేది మనిషి కాదు. గూగుల్ 2018 నుంచి స్పామ్‌బ్రెయిన్ అనే మెషీన్ లెర్నింగ్ వ్యవస్థ వాడుతోంది, 2022 డిసెంబర్‌లో వచ్చిన లింక్ స్పామ్ అప్‌డేట్ అప్పుడు గూగుల్ స్పష్టంగా చెప్పింది, లింకులు కొనే సైట్లని మాత్రమే కాదు, బయటికి లింకులు పంపడానికి వాడుకుంటున్న సైట్లని కూడా ఇది పట్టగలదని. అంతకుముందు 2012 ఏప్రిల్‌లో వచ్చిన పెంగ్విన్ అనే గూగుల్ అప్‌డేట్ ఎక్కువగా కొన్నవాళ్ళ వైపు దెబ్బ కొట్టింది, ఇప్పుడు అమ్మినవాళ్ళు కూడా అదే వలలో ఉన్నారు.

వల పనిచేసే తీరు ఊహించడం కష్టం కాదు. జిల్లా వార్తల సైటు మామూలుగా లింకిచ్చేది కలెక్టరేట్ సైటుకి, ఆర్టీసీకి, యూనివర్సిటీకి, వేరే వార్తలకి. అలాంటి సైటు నుంచి ఆరు నెలల్లో విదేశీ ప్లంబింగ్ కంపెనీకి, బరువు తగ్గే మాత్రలకి, క్రిప్టోకి, క్యాసినోకి లింకులు వెళ్తుంటే, అన్నిట్లోనూ లింకు పదం సరిగ్గా ఎవరో సెర్చ్‌లో కొట్టే మాటే అయి ఉంటే, ఒక్కో ఆర్టికల్‌లో ఒక్కటే లింకు ఉంటే, అది నమూనా అయిపోతుంది. పైగా కొన్నవాడు ఒక్క సైటులోనే కొని ఊరుకోడు, అదే లింకు ఇంకో రెండు వందల సైట్లలో కొంటాడు. అతని జాబితా ఒక్కసారి దొరికితే అందులో ఉన్న సైట్లన్నీ ఒకేసారి బయటపడతాయి, అంటే మన జాగ్రత్త మన చేతిలో లేదు, మనకి తెలియని ఎవరి జాగ్రత్త మీదో ఆధారపడి ఉంది. ఇక బ్రోకర్ల దగ్గర రేట్ల పట్టికలో సైటు పేరు ఎక్కిందంటే అది ఎవరికైనా కనపడుతుంది, పోటీ సైటు వాళ్ళు గూగుల్‌కి రిపోర్ట్ చేయడానికి ఫారం కూడా ఉంది, లింకుల అమ్మకం మీద అలా రిపోర్ట్ చేయమని గూగుల్ 2007 నుంచే అడుగుతోంది.

బ్రిటన్ జిల్లా పేపర్లకి జరిగింది

పెద్ద కంపెనీలు పట్టుబడిన కథలు చాలామంది విన్నవే, 2011 ఫిబ్రవరిలో అమెరికాలో జేసీ పెన్నీ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ సంగతి న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టాక మొదటి స్థానాల్లో ఉన్నది రోజుల్లో పదుల స్థానాల కిందకి పడిపోయింది. మన జిల్లా సైట్లకి దగ్గరగా ఉండేది మాత్రం 2013 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో జరిగింది. ఇంటర్‌ఫ్లోరా అనే పూల కంపెనీ వాలెంటైన్స్ డే ముందు అక్కడి ప్రాంతీయ పత్రికల సైట్లలో పెద్ద ఎత్తున ప్రకటన వ్యాసాలు వేయించుకుంది, వాటిల్లో మామూలు లింకులు. కొన్ని రోజులకే తన సొంత పేరు కొట్టినా గూగుల్‌లో కనపడకుండా పోయింది.

తర్వాత జరిగినదే ఇక్కడ ముఖ్యం. ఇంటర్‌ఫ్లోరా దగ్గర మనుషులున్నారు, ఏజెన్సీలున్నాయి, లింకులు తీయించుకుని 11 రోజుల్లో తిరిగి వచ్చేసింది. అదే సమయంలో ఆ వ్యాసాలు వేసిన ఎన్నో ప్రాంతీయ పత్రికల సైట్లకి అప్పట్లో బయటికి కనపడే పేజ్‌ర్యాంక్ అంకె పడిపోయింది, కొన్నిటికి సున్నా అయింది. కొన్నవాళ్ళ కంటే అమ్మినవాళ్ళ సంఖ్యే ఎక్కువ, వాళ్ళలో ఎక్కువమంది ఊరి వార్తలు రాసుకునేవాళ్ళు. ఈ వ్యాపారంలో బలం ఎటువైపు ఉందో, భారం ఎటువైపు పడుతుందో ఇంతకంటే తెలియజెప్పే ఉదాహరణ లేదు.

గెస్ట్ పోస్టు అని పేరు మార్చినా పరిస్థితి మారలేదు. 2014 జనవరిలో అప్పటి గూగుల్ స్పామ్ టీమ్ అధిపతి మ్యాట్ కట్స్ లింకుల కోసం చేసే గెస్ట్ బ్లాగింగ్ ఇక చాలించమని రాశారు, రెండు నెలలకే ఒక పెద్ద గెస్ట్ పోస్టుల నెట్‌వర్క్ మీద చర్య పడింది. 2024 మార్చిలో వచ్చిన సైట్ రెప్యుటేషన్ అబ్యూజ్ నిబంధన ఇంకో అడుగు ముందుకేసి, సైటుకున్న పేరుని వాడుకుని బయటివాళ్ళ సరుకుని ర్యాంక్ చేయించడానికి ఒక విభాగం మొత్తం అద్దెకిచ్చే పద్ధతిని కూడా స్పామ్ కింద చేర్చింది. కూపన్ల పేజీ మేం నడుపుతాం, మీకు నెలకింత ఇస్తాం అని వచ్చేవాళ్ళు ఈ లెక్కలోకే వస్తారు.

దొరికితే ఏమవుతుంది

నిజం చెప్పాలంటే చాలాసార్లు ఏమీ అవ్వనట్టే ఉంటుంది. గూగుల్ ఆ లింకులని లెక్కలోంచి తీసేసి ఊరుకుంటుంది, ఎవరికీ చెప్పదు. అందుకే ఫలానా వాళ్ళు మూడేళ్ళుగా అమ్ముతున్నారు ఏం కాలేదు అనే మాట వినపడుతుంది, ఆ మాట అబద్ధం కాదు, కానీ వాళ్ళ లింకులకి విలువ ఉందో లేదో వాళ్ళకే తెలియదు.

రెండోది మాన్యువల్ యాక్షన్. గూగుల్‌లో మనిషి చూసి తీసుకునే నిర్ణయం, మీ సైటు నుంచి అసహజమైన లింకులు వెళ్తున్నాయి అని సైటు నడిపేవాళ్ళకి గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో మెసేజ్ వస్తుంది. చర్య సైటు మొత్తానికి ఉండొచ్చు, కొంత భాగానికి ఉండొచ్చు. పలాసలో డబ్ల్యూ 240 (గుండు జీడిపప్పు గ్రేడు) అని రాసిన డబ్బాలో బద్ద కలిసిందని ఒక్కసారి తెలిస్తే కొనేవాడు ఆ ఒక్క డబ్బా వెనక్కిచ్చి ఊరుకోడు, ఆ షాపు డబ్బాలన్నీ విప్పించి చూస్తాడు, ఇదీ అంతే, డబ్బు లింకులతో పాటు నిజాయితీగా ఇచ్చిన లింకుల మీద కూడా అనుమానం పడుతుంది.

యాడ్‌సెన్స్ సంగతి చాలామంది పట్టించుకోరు. గూగుల్ సెర్చ్ స్పామ్ నిబంధనలు దాటిన పేజీల్లో గూగుల్ యాడ్స్ ఉండకూడదని పబ్లిషర్ నిబంధనల్లోనే ఉంది. అంటే లింకు అమ్మకం సెర్చ్‌తో ఆగే గొడవ కాదు, ఉన్న ఒక్క ఆదాయానికి కూడా తగులుతుంది.

ఊహకి ఒక లెక్క వేసుకుందాం, అంకెలు ఉదాహరణకే. ఏడాదిలో 30 లింకులు, ఒక్కోటి 2,000 చొప్పున 60,000 వచ్చాయి. సైటుకి యాడ్స్ మీద నెలకి 12,000 వచ్చేది, ట్రాఫిక్ పడిపోయి 4,000కి దిగింది. నెలకి 8,000 నష్టం, ఎనిమిది నెలల్లో 64,000, అక్కడితో అమ్మిన డబ్బంతా పోయింది. రీకన్సిడరేషన్, అంటే చర్య ఎత్తేయమని గూగుల్‌కి పెట్టే అర్జీ, ఒప్పుకున్న రోజే పాత ట్రాఫిక్ తిరిగి వచ్చేస్తుందన్న గ్యారంటీ లేదు, నోటిఫికేషన్ల సీజన్ మధ్యలో పడిపోతే ఆ ఏడాది అయిపోయినట్టే.

ఎప్పటికీ తీయకూడదు అన్న మాట

అన్ని షరతుల్లోకీ ఇదే బరువైనది, దీని గురించే తక్కువ ఆలోచిస్తారు. ఈ రోజు లింకు వెళ్ళేది ఫర్నిచర్ అమ్మే సైటుకే కావచ్చు. రెండేళ్ళకి వాళ్ళు డొమైన్ రెన్యూ చేసుకోరు, ఇంకెవరో కొంటారు, దాని మీద బెట్టింగ్ సైటో, ఫోన్‌లో ఏదో ఇన్‌స్టాల్ చేయించే పేజీయో పెడతారు. కొంతమంది కావాలనే ముందు మామూలు పేజీ చూపించి తర్వాత వేరే చోటికి మళ్ళిస్తారు. లింకు మాత్రం మన పొందూరు వ్యాసంలోనే ఉంటుంది, మన పేరు మీదే ఉంటుంది. తీసేద్దామంటే అప్పుడు బ్రోకరు డబ్బు వెనక్కి ఇవ్వమంటాడు, ఇవ్వకపోతే బెదిరింపు మెయిళ్ళు కూడా రావొచ్చు. చీటీకి పెట్టిన షూరిటీ చీటీ అయిపోతే తీరిపోతుంది, దీనికి ఆ గడువు కూడా లేదు.

చట్టం వైపు

గూగుల్ నిబంధన దాటడం నేరం కాదు, అది ఒక కంపెనీ నియమం. కానీ ట్యాగు లేకుండా లింకులు కొనే బేరాల్లో బెట్టింగ్, క్యాసినో సైట్ల వాటా కనపడుతూనే ఉంటుంది, మామూలు లింకు కంటే ఎక్కువ రేటు ఇస్తామనేది కూడా ఎక్కువగా వాళ్ళే, ఆ ఎక్కువ రేటు ఊరికే రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించారు. 2022 అక్టోబర్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ ఆన్‌లైన్ వార్తా సైట్లకి విదేశీ బెట్టింగ్ సైట్ల ప్రకటనలు, వాటి ముసుగు ప్రకటనలు వేయొద్దని సలహా జారీ చేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో డబ్బు ఆటలకి ప్రకటన ఇచ్చినా రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ అని ఉంది. వ్యాసం మధ్యలో ఒక్క పదానికి పెట్టిన లింకుని ప్రకటన అనొచ్చా లేదా అన్న వాదన కోర్టులో తేలేది, అంతవరకు వెళ్ళే స్తోమత జిల్లా సైటుకి ఉంటుందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద తప్పుదారి పట్టించే ప్రకటన ప్రచురించినవాళ్ళకి కూడా 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. మామూలు వ్యాపారంలో భాగంగా వేశామని చెప్పుకునే వీలు అదే చట్టంలో ఉంది, కాకపోతే స్పాన్సర్డ్ అని రాయం అని ఒప్పుకున్న మెయిల్ ఇన్‌బాక్స్‌లో ఉండగా ఆ మాట నిలబెట్టుకోవడం కష్టం.

ఇప్పటికే అమ్మి ఉంటే

బాగుచేసుకునే దారి ఉంది, అది కష్టమైనదేం కాదు, ఓపిక కావాలి. డబ్బు తీసుకున్న మెయిళ్ళు, బ్యాంకు, పేపాల్ ఎంట్రీలు చూసుకుంటూ ఏ పేజీలో ఏ లింకు పెట్టారో మొత్తం రాసుకోవాలి, తర్వాత ఒక్కోటి నొక్కి ఇప్పుడు అది ఎక్కడికి వెళ్తోందో చూడాలి. బెట్టింగ్, అప్పుల యాప్‌లు, మందులు, దారి మళ్ళినవి వెంటనే తీసేయాలి. మిగతావాటికి స్పాన్సర్డ్ ట్యాగు పెట్టి, ఇది ప్రకటన అని పేజీలో తెలుగులో కూడా రాయాలి, ఎందుకంటే ట్యాగు గూగుల్‌కి కనపడుతుంది గాని చదివే మనిషికి కనపడదు. మాన్యువల్ యాక్షన్ వచ్చి ఉంటే అప్పుడే రీకన్సిడరేషన్ పెట్టాలి, ఏం చేశారో దాచకుండా రాయాలి, సగం తీసి సగం ఉంచి పెడితే తిరస్కరిస్తారు. డిసావో టూల్ వాడమని కొందరు సలహా ఇస్తుంటారు, అది మన సైటుకి బయటి నుంచి వచ్చే చెడ్డ లింకుల కోసం, మనం అమ్మిన లింకులకి దానితో పనే లేదు.

మరి ఆదాయం ఎలా అంటే, లింకు బ్రోకరు ఇచ్చినంత ఒక్కసారిగా ఇచ్చే దారి ఏదీ లేదు, అది ఒప్పుకోవాలి. ఉన్నది ఊళ్ళో ప్రకటనలే. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర కోచింగ్ సెంటరు, విజయనగరం మూడు లాంతర్ల దగ్గర బట్టల షాపు, రాజాంలో నగల కొట్టు, వీళ్ళెవరూ డీఆర్ ఎంత అని అడగరు, పండగ ముందు నెల రోజులు బ్యానరు వేస్తే ఎన్ని ఫోన్లు వచ్చాయో అడుగుతారు. లింకుకి స్పాన్సర్డ్ ట్యాగు పెట్టినా ఆ ఫోన్లు ఒక్కటి కూడా తగ్గవు.